గ్లాసుడు వేడినీళ్లు, రెండు రాగి ముక్కలు

మా దుకాణంలో కౌంటరు కింద ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంటుంది. అందులో రెండు రాగి ముక్కలు దాచుకున్నాను. రెండూ పదిహేను సెంటీమీటర్ల పొడవు, ఆరు మిల్లీమీటర్ల లావు. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. ల్యాప్‌టాప్ మరమ్మతుకు తెచ్చినవారిలో ఎవరైనా లోపలికి తొంగిచూసి "ఆ రాగి కడ్డీ దేనికండీ?" అని అడిగితే, పక్క హోటల్ నుంచి స్టీలు గ్లాసులో మరిగిన నీళ్లు తెప్పిస్తాను. రెండు ముక్కలనూ వారి రెండు చేతులకు ఇచ్చి, కొసలు నీళ్లలో ముంచమంటాను.

ఎడమ చేతిలోని ముక్కను వాళ్లు అలాగే పట్టుకుని ఉంటారు. కుడి చేతిలోనిది రెండు మూడు సెకన్లలో వదిలేస్తారు. వేళ్లు చురుక్కుమంటాయి. కొందరు ముక్కను తిప్పి చూస్తారు, లోపల బ్యాటరీ ఏమైనా ఉందా అని. ఎడమ చేతిలోది ఎలక్ట్రికల్ షాపులో కొని కోయించిన అసలైన రాగి కడ్డీ, లోపలంతా గట్టి లోహమే. కుడి చేతిలోది హీట్ పైపు. దాని లోపల పెద్దగా ఏమీ ఉండదు. అందుకే అది అంత వేగం.

కొత్తగూడెంలో పద్నాలుగేళ్లుగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. వాటిలో మొదటి మూడు నాలుగేళ్లు ఈ తేడా నాకూ తెలియదు. తెలియకపోవడం వల్ల ఒక మనిషికి నష్టం చేశాను. ఆ సంగతి రాయకుండా ఈ పైపు గురించి రాయడం నాకు న్యాయం అనిపించదు.

2013లో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల తెలుగు మాస్టారు తన ల్యాప్‌టాప్ తెచ్చారు. ఫ్యాను చప్పుడు ఎక్కువగా వస్తోందని, ఒళ్లో పెట్టుకోలేకపోతున్నానని చెప్పారు. మామూలు పని. విప్పి దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద కొత్త థర్మల్ పేస్టు, అంటే వేడిని దాటించే పూత, రాయాలి. కానీ పాత పేస్టు ఎండి గట్టిపడి, హీట్ సింక్, అంటే ప్రాసెసర్ వేడిని లాగే రాగి పైపు, రెక్కల అమరిక, ఊడి రాలేదు. స్క్రూడ్రైవర్ మొన దాని కిందికి దూర్చి పైకి లేపాను. వచ్చింది, కానీ రాగి పైపు మధ్యలో వంగిపోయింది. బొటనవేలితో నొక్కి మళ్లీ తిన్నగా చేశాను. పైకి చిన్న మడత గుర్తు తప్ప ఏమీ కనిపించలేదు. బిగించి ఇచ్చేశాను.

వారంలో మాస్టారు మళ్లీ వచ్చారు. ఇప్పుడు పది నిమిషాలకే ఆగిపోతోంది. పేస్టు మార్చాను. ఫ్యాను మార్చాను. మళ్లీ పేస్టు మార్చాను. చివరికి "మదర్‌బోర్డు పోయింది మాస్టారూ, కొత్తది కొనుక్కోవడమే మేలు" అన్నాను. నేను అబద్ధం చెప్పలేదు, నిజంగా అలాగే నమ్మాను. ఆయన అప్పు చేసి కొత్తది కొన్నారు. పాతదాన్ని విడిభాగాల కింద నేనే పదిహేను వందలకు తీసుకున్నాను.

రెండేళ్ల తర్వాత అదే మోడల్ ల్యాప్‌టాప్ ఒకటి తెర పగిలి వచ్చింది. ఖాళీగా ఉన్న ఒక ఆదివారం దాని హీట్ సింక్ తీసి మాస్టారి పాత మదర్‌బోర్డుకు బిగించి చూశాను. సాయంత్రం దాకా ఆగకుండా నడిచింది. మాస్టారి హీట్ సింక్‌ను చేతిలోకి తీసుకుని ఆ మడత గుర్తు కేసి చాలాసేపు చూశాను. తర్వాత హ్యాక్‌సా బ్లేడుతో దాన్ని నిలువునా కోశాను. నీళ్లు కారలేదు, నూనె కారలేదు. సన్నటి రాగి గొట్టం, లోపలి గోడ చుట్టూ ఇసుక అంటించినట్టు గరుకైన రాగి పొడి పొర, మధ్యలో ఖాళీ. నేను మడిచిన చోట పొర చిట్లి పొడి రాలి ఉంది. గొట్టం గోడకు వెంట్రుకంత బీట.

మరుసటి వారం మాస్టారి పాత ల్యాప్‌టాప్‌ను బాగుచేసి ఆయన ఇంటికి తీసుకెళ్లాను. జరిగింది చెప్పాను. కొత్తదాని ధరలో కొంతైనా ఇస్తానంటే ఆయన తీసుకోలేదు. "ముందు ఆ గొట్టం చూపించు బాబూ" అన్నారు. కోసిన రెండు సగాలనూ కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూసి, "ఈ గరుకు పొర నీటిని పీల్చుకుని ఇటు నుంచి అటు తీసుకెళ్తుందా? అయితే ఇది వత్తి కదా" అన్నారు. అప్పటిదాకా నేను దాన్ని పొడి పూత అనేవాడిని. ఆ రోజు నుంచి వత్తి అనే అంటున్నాను. ప్రమిదలో నూనె అడుగున ఉంటుంది, మంట కొసన ఉంటుంది. మధ్యలో ఎవరూ పైకి తోడకుండానే నూనె వత్తి పట్టుకుని ఎక్కుతుంది. హీట్ పైపులో నీరు చేసే ప్రయాణం సరిగ్గా అదే.

మిగతా సగం ప్రయాణం ఆవిరిది. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు లోపలి వైపు నీటి బొట్లు వేలాడుతుంటాయి. అడుగున మంట తగిలిన నీరు ఆవిరై పైకి వెళ్లి, చల్లగా ఉన్న మూతకు తగిలి, తను మోసుకొచ్చిన వేడిని అక్కడ దింపేసి మళ్లీ నీరవుతుంది. మూత అందుకే చేయి కాలేంత వేడెక్కుతుంది. హీట్ పైపు అటువంటి ఇడ్లీ పాత్రే, సన్నగా పొడవుగా సాగదీసి రెండు వైపులా మూసేసినది. ప్రాసెసర్ మీద ఆనిన కొస పొయ్యి వైపు. ఫ్యాను ముందు సన్నటి రేకుల రెక్కలు అమర్చిన కొస మూత వైపు. ఇటు మరిగిన నీరు ఆవిరిగా అటు దూసుకెళ్తుంది, అక్కడ చల్లబడి నీరై వత్తి పట్టుకుని వెనక్కి వస్తుంది. మోటారు లేదు, వాల్వు లేదు, అరిగే భాగం ఒక్కటీ లేదు.

మరి ప్రాసెసర్ 100 డిగ్రీలు చేరేదాకా నీరు మరగదు కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. ప్రెషర్ కుక్కర్‌లో పీడనం పెంచితే నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతుంది. దానికి తలకిందులుగా, గొట్టంలో గాలినంతా లాగేస్తే నీరు చాలా తక్కువ వేడికే మరుగుతుంది. బయటి గాలి పీడనంలో పద్నాలుగో వంతు ఉన్నచోట 40 డిగ్రీలకే మరుగుతుంది. తయారుచేసేటప్పుడు కొద్దిగా నీరు పోసి, గాలి లాగేసి, కొసను నొక్కి అతికేస్తారు. లోపల నీరు, నీటి ఆవిరి తప్ప వేరేదేమీ ఉండకూడదు. దాని ప్రాణమంతా ఆ బిగువులోనే ఉంది. వెంట్రుకంత బీట ద్వారా గాలి చొరబడితే ఇక అంతే.

ఒకసారి బిల్లు పుస్తకం వెనక లెక్క వేశాను. మా అమ్మాయి ఇంటర్ భౌతికశాస్త్రం పుస్తకంలోని సూత్రమే. నా డబ్బాలోని గట్టి కడ్డీ గుండా 30 వాట్ల వేడి ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లాలంటే రెండు కొసల మధ్య ఎంత తేడా ఉండాలి? దాదాపు 400 డిగ్రీలు. నమ్మలేక మూడుసార్లు వేశాను. రాగి వేడిని ఎంతో బాగా మోస్తుందని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం, అది నిజమే. అయినా అంత సన్నటి కడ్డీకి అది తలకు మించిన బరువు. అదే లావున్న హీట్ పైపు ఆ 30 వాట్లను కొద్ది డిగ్రీల తేడాతో దాటించేస్తుంది.

అందులో ఎంత నీరు పని చేస్తోందో కూడా లెక్క కట్టాను. 50 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 2,380 జౌళ్ల వేడి కావాలి. పుస్తకాల్లో గుప్తోష్ణం అంటారు. ఆ లెక్కన 30 వాట్లు మోయడానికి నిమిషానికి ముప్పాతిక గ్రాము నీరు తిరిగితే చాలు. ల్యాప్‌టాప్ పైపులో మొత్తం కలిపి గ్రాము కూడా ఉండదు. ఆ కాసింత నీరే ఏళ్ల తరబడి తిరిగి తిరిగి పనిచేస్తుంది. ఉద్ధరిణెలో పట్టేంత కూడా లేని నీటి మీద మన లెక్కలు, ఉత్తరాలు, పిల్లల చదువులు నడుస్తున్నాయని తెలిసినప్పుడు నాకు ఆ పైపు మీద గౌరవం కలిగింది.

రాగే ఎందుకు, అల్యూమినియం చవక కదా అని కూడా అడుగుతారు. అల్యూమినియం గొట్టంలో నీరు పోస్తే రెండూ కలిసి హైడ్రోజన్ వాయువు పుడుతుంది. వాయువు మళ్లీ నీరుగా మారదు. అది చల్లటి కొసన చేరి అక్కడే తిష్ఠ వేస్తుంది, ఆవిరికి చోటివ్వదు. రాగికీ నీటికీ మాత్రం పొత్తు కుదిరింది.

ఇప్పుడు నా తోటి పనివారికి చెప్పాల్సినవి. మన ఊళ్లలో నేను చూసిన చచ్చిన పైపుల్లో ఎక్కువ వాటిని చంపింది వాడకం కాదు, మరమ్మతే. హీట్ సింక్ ఊడకపోతే మీటవద్దు. ల్యాప్‌టాప్‌ను పది నిమిషాలు నడిపి ఆపితే పేస్టు మెత్తబడుతుంది, అప్పుడు రెండు చేతులతో కొంచెం అటూ ఇటూ తిప్పితే దానంతటదే వదులుతుంది. పైపు వంపులను చేత్తో సవరించవద్దు. వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి కనీసం మూడు రెట్లు ఉండాలని తయారీదారులే లెక్క పెట్టుకుంటారు, అదీ గుండ్రటి పైపును ఫ్యాక్టరీలో అచ్చులో పెట్టి వంచేటప్పుడు. ల్యాప్‌టాప్‌లోది అప్పటికే చపాతీ కర్రతో ఒత్తినట్టు రెండు మూడు మిల్లీమీటర్లకు చదును చేసిన పైపు. దాన్ని మళ్లీ మడిస్తే లోపలి వత్తి బతకదు. ఒకాయన కొత్త కేసులో పట్టడం లేదని పైపు కొసన ఉండే చిన్న మొనను కటింగ్ ప్లేయరుతో కత్తిరించేశారు. గాలి లాగి అతికిన చోటు అదే.

అన్నిటికన్నా భయపడాల్సింది హాట్ ఎయిర్ గన్ గురించి. రెక్కల టంకం ఊడిందని దాన్ని 300 డిగ్రీలకు పెట్టి పైపు మీద ఊదుతారు. లోపలున్నది మూసేసిన పాత్రలో నీరని మరిచిపోతారు. 200 డిగ్రీల దగ్గరే లోపలి పీడనం బయటి గాలికి పదిహేను రెట్లు అవుతుంది. చదునైన పైపు పూరీలా ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది. కళ్ల ముందు పెట్టుకుని చేసే పని అది, దయచేసి చేయవద్దు.

పైపు బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి నాకు వేళ్లే పరికరం. వెనక మూత తీసి, ల్యాప్‌టాప్ నడుస్తుండగా, ఫ్యానుకు దూరంగా పైపును ప్రాసెసర్ వైపు ఒకసారి, రెక్కల వైపు ఒకసారి తాకుతాను. రెండు చోట్లా వేడి దాదాపు ఒకటే అయితే పైపు మంచిదే, తప్పు ఫ్యానులోనో రెక్కల మధ్య దుమ్ములోనో ఉంది. ప్రాసెసర్ వైపు కాలిపోతూ రెక్కల వైపు చల్లగా ఉంటే పైపు పోయింది. ప్రాసెసర్ మాత్రమే ఉడికిపోతూ పైపు మొత్తం చల్లగా ఉంటే పేస్టో, స్ప్రింగు స్క్రూల బిగింపో చూడాలి. ఈ మూడింటికీ తేడా చెప్పలేక నేను మాస్టారికి మదర్‌బోర్డు పోయిందని చెప్పాను. చచ్చిన హీట్ పైపు గట్టి కడ్డీ కన్నా ఘోరం. గట్టి కడ్డీలో కనీసం నిండా రాగి ఉంటుంది, ఇందులో పలచటి గోడ ఒక్కటే మిగులుతుంది.

మా ఊరి ఎండల గురించి ఒక మాట. ఏప్రిల్ చివరికి ఇక్కడ 44, 45 డిగ్రీలు మామూలు. బొగ్గు గనుల ఊరు కాబట్టి గాలిలో నల్లటి నుసి ఎప్పుడూ ఉంటుంది. ఏడాది వాడిన ల్యాప్‌టాప్ విప్పితే రెక్కల ముందు నల్లటి కంబళి ముక్కలాంటిది ఊడి వస్తుంది. హీట్ పైపు చల్లదనాన్ని తయారుచేయదు. వేడిని ఒకచోటి నుంచి మరోచోటికి దాటిస్తుంది, అంతే. అటు కొసన దింపిన వేడిని తీసుకెళ్లడానికి గాలి ఆడాలి, ఆ గాలి తన కన్నా చల్లగా ఉండాలి. గది 44 డిగ్రీలు ఉంటే ప్రాసెసర్ అంతకన్నా ఎక్కువ వేడిగానే ఉంటుంది, ఎన్ని పైపులు పెట్టినా సరే. పరుపు మీద పెట్టి గాలి రంధ్రాలు మూసేసి, ల్యాప్‌టాప్ వేడెక్కుతోందంటే పైపు ఏం చేస్తుంది? మేలో మధ్యాహ్నం పూట బరువైన ఆటలు ఆడే పిల్లలకు నేను చెప్పేది, ఆట తెల్లవారుజామున ఆడుకోమని. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ ఒకే పైపుల మీద వేడి దింపుతాయి. భారం మరీ ఎక్కువైతే వత్తి తెచ్చే నీటి కన్నా ముందుగా వేడి కొస ఎండిపోతుంది. ఎండిన వెంటనే ఉష్ణోగ్రత ఒక్క ఊపున పైకి లేస్తుంది. ఆట ఉన్నట్టుండి నత్తనడక నడవడానికి ఇదీ ఒక కారణం.

ఈ పైపు ల్యాప్‌టాప్ కోసం పుట్టలేదు. జనరల్ మోటార్స్‌లో పనిచేసిన రిచర్డ్ గాగ్లర్ శీతల యంత్రాల కోసం ఇలాంటి ఆలోచనకు 1944లో పేటెంట్ పొందారు, దాన్ని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దాన్ని విడిగా మళ్లీ కనుగొని, హీట్ పైపు అని పేరు పెట్టారు. ఆయన దృష్టి అంతరిక్ష నౌకల మీద ఉంది. 1967లోనే ఒక హీట్ పైపు కక్ష్యలోకి వెళ్లి పనిచేసింది. అక్కడ గాలి లేదు కాబట్టి ఫ్యాను పనికిరాదు. ఒక పక్క ఎండ, మరో పక్క గడ్డకట్టే చలి. ఉపగ్రహాల పలకల లోపల వేడిని పంచడానికి ఇప్పటికీ ఈ పైపులే. కాకపోతే ఆ చలికి నీరు గడ్డకడుతుంది కాబట్టి అల్యూమినియం గొట్టంలో అమ్మోనియా వాడతారు. ల్యాప్‌టాప్‌లలోకి ఇవి 1990లలో వచ్చాయి. ఇప్పుడు కొన్ని ఫోన్లలో ఇదే పైపును రేకులా పరిచి వేపర్ చాంబర్ పేరుతో పెడుతున్నారు.

నాకు బాగా నచ్చిన ఉపయోగం అలాస్కాలో ఉంది. 1977లో చమురు పారడం మొదలైన అక్కడి పైప్‌లైను చాలా దూరం స్తంభాల మీద నడుస్తుంది, ఎందుకంటే కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల. చమురు వేడికి అది కరిగితే స్తంభాలు కుంగిపోతాయి. అందుకని ఆ స్తంభాల్లో అమ్మోనియా నింపిన గొట్టాలు, లక్షా ఇరవై వేలకు పైగా దింపారు. చలికాలంలో నేలలోని వేడి అమ్మోనియాను ఆవిరి చేస్తుంది, ఆవిరి పైకి వెళ్లి చలిగాలికి వేడిని ఇచ్చేసి ద్రవమై కిందికి జారుతుంది. గొట్టం నిటారుగా ఉంది కాబట్టి వెనక్కి తేవడానికి బరువే చాలు. వేసవిలో పైభాగం వేడిగా, అడుగు చల్లగా ఉంటుంది కాబట్టి ప్రయాణం దానంతటదే ఆగిపోతుంది. వేడి లోపలికి రాదు. తాళం వేసే మనిషి అవసరం లేని తలుపు అది.

మొన్న ఏప్రిల్‌లో ఒక ఇంజనీరింగ్ అమ్మాయి సెలవులకు ఇంటికి వచ్చి తన ల్యాప్‌టాప్ తెచ్చింది. ప్రాజెక్టు పని మొదలుపెడితే పావుగంటలో ఆగిపోతోందట. అంతకుముందు వేరేచోట రెండుసార్లు పేస్టు మార్చారు. "మదర్‌బోర్డు పోయిందన్నారు అన్నా, నాన్నకు ఇంకా చెప్పలేదు" అంది. విప్పాను. రెక్కల దగ్గర పైపు కొద్దిగా ఉబ్బి ఉంది, పక్కన రాగి రంగు మారి ఉంది. ఎవరో హాట్ ఎయిర్ గన్ పెట్టారు. వేళ్లతో తాకాను. ఇటు కాలుతోంది, అటు చల్లగా ఉంది.

"మదర్‌బోర్డు బాగుంది తల్లీ. నాన్నగారికి చెప్పాల్సిన పని లేదు" అన్నాను. హైదరాబాద్ నుంచి కొత్త హీట్ సింక్ బస్సు పార్సిల్‌లో రావడానికి రెండు రోజులు పట్టింది. బిగించాక అదే ప్రాజెక్టు గంటసేపు నడిపించాం. మునుపు ప్రాసెసర్ 98 డిగ్రీలు దాటి ఆగిపోయేది, ఇప్పుడు 79 దగ్గర నిలబడింది. బయట 43 డిగ్రీలున్న మధ్యాహ్నం అది.

డబ్బులు ఇచ్చాక ఆ అమ్మాయి కదల్లేదు. పాత పైపును ఒకసారి చూస్తానంది. బిస్కెట్ డబ్బా తీశాను, హోటల్ నుంచి గ్లాసు తెప్పించాను. ముందు మంచి పైపు ముంచి, చటుక్కున వదిలేసి, వేలు నోట్లో పెట్టుకుంది. తర్వాత తన ల్యాప్‌టాప్‌లోంచి తీసిన పైపు కొస ముంచి, రెండో కొస పట్టుకుని గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పది అంది, ఇరవై అంది. నలభై దాటాక హోటల్ కుర్రాడు గ్లాసు కోసం వచ్చి, ఆమె పక్కన నిలబడి తనూ లెక్కపెట్టసాగాడు.